ముప్పై ఎనిమిది సీసాలు

సిద్దప్ప కొట్టాల నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయని యూనివర్సిటీ తేల్చేసింది. నలభై దాటాక కింద కూర్చుని ఒకరి చెయ్యి పట్టుకోకుండా లేవగలిగిన వాళ్ళు ఆ ఊళ్ళో ఎందరున్నారో మాత్రం ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే కథ ఇంతదూరం వచ్చేది కాదు.

అడగాల్సిన మనిషి కృపాకుమారి. పర్యావరణ శాస్త్రం విభాగంలో ఆమె ప్రాజెక్టు అసిస్టెంటు. పుట్టింది కంబదూరులో, కూలికి పోయే ఇంట్లో. ఊళ్ళవాళ్ళతో కలిసి నీటి పరీక్షలు చేసే కార్యక్రమం కింద కుందుర్పి చుట్టుపక్కల పన్నెండు ఊళ్ళు ఆమెకు అప్పగించారు. మామూలుగా ల్యాబు వాళ్ళు జీపులో వచ్చి, బోరు దగ్గర సీసా నింపుకుని, ఎవరినీ పలకరించకుండా వెళ్ళిపోతారు. అలా కాదు, ఎవరింటి నీళ్ళు వాళ్ళే పట్టి ఇవ్వాలి, ఫలితం కూడా వాళ్ళ చేతికే అందాలి అని పట్టుబట్టింది కృపాకుమారే. ఆమె పై అధికారి రాఘవేంద్ర సార్ మీటింగులో అందరి ముందూ మెచ్చుకున్నాడు. ఆ మెప్పుతో పాపం ఆమె నెల రోజులు నేల మీద నడవలేదు.

సిద్దప్ప కొట్టాలలో ముప్పై ఎనిమిది ఇళ్ళ నుంచి ముప్పై ఎనిమిది సీసాలు వచ్చాయి. పళ్ళనీ ఎముకల్నీ పాడుచేసే ఫ్లోరైడ్ అన్నిటిలోనూ తక్కువే. ఊళ్ళో బోర్లు మూడున్నా అంకెలన్నీ ఒక్కలాగే వచ్చాయి. ఆమెకు వింతగానే అనిపించింది. కానీ గడువు నెత్తిన కూర్చుని ఉంది. భూమిలో ఒకే పొర నీళ్ళేమోలే అని సర్దుకుంది. నివేదిక జిల్లాకు వెళ్ళింది. దాన్ని బట్టి, నీళ్ళు శుద్ధిచేసే ప్లాంటు ఏ ఊళ్ళకు పెట్టాలో జాబితా తయారైంది. అందులోంచి సిద్దప్ప కొట్టాల పేరు కొట్టేశారు.

ఆ సంగతి తెలిసిన మర్నాడే ఆమె ఫలితాల కార్డులు పంచడానికి బస్సు దిగింది. మే నెల ఎండ. చేలన్నీ దున్ని వానకోసం ఎదురుచూస్తున్నాయి. మొదటి ఇల్లు రామక్కది. కొడుకూ కోడలూ బెంగళూరులో కట్టడాల పనిలో ఉంటే, ఏడేళ్ళ మనవరాలు జాయ్‌ని ఆమె సాకుతోంది.

జాయ్ ఎదురొచ్చి, నీళ్ళు మంచివని చెప్పే పచ్చకార్డు లాక్కుంది. "అక్కా, మేం పాసా?" అని అరచేత్తో నోరు మూసుకుని నవ్వింది. పళ్ళ మీద గోధుమరంగు చారలు ఎవరికీ కనబడకూడదని ఆ పిల్ల ఎప్పుడూ అలాగే నవ్వుతుంది. పరుగెత్తుతుంటే మోకాళ్ళు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి. నాలుగు నెలల కింద కృపాకుమారే ఆ పిల్లను అనంతపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళింది. ఎముకలు ఇంకా లేతగా ఉన్నాయి, ఇప్పుడే నీళ్ళు మారిస్తే ఇంతటితో ఆగుతుంది, ఆలస్యమైతే కాళ్ళు అలాగే ముదురుతాయి అని డాక్టరు చెప్పాడు.

ఇలాంటి కాళ్ళున్న ఇంటికి పచ్చకార్డు ఇస్తున్నందుకు కృపాకుమారికి సిగ్గేసింది.

"పెద్దమ్మా, మీ బోరు నీళ్ళు ఇంత బాగుంటే జాయ్ కాళ్ళెందుకు ఇట్లయినాయి?"

"బోరు నీళ్ళు బాగుండేదేంది?" అంది రామక్క.

"ఆ పొద్దు సీసాలో పట్టిచ్చినావు కదా."

రామక్క నవ్వింది. "ఏమ్మా, నీకేమన్నా మతి పోయిందా? కాలేజీ నుంచి సార్లొస్తాంటే, ఆ బోరు నీళ్ళిస్తామా? మేమేమన్నా మర్యాద తెలీనోళ్ళమా? ప్లాంటు నీళ్ళే పోసిచ్చినాం. ఊరంతా అంతే."

కుందుర్పి ప్లాంటులో శుద్ధిచేసిన నీళ్ళతో క్యాన్ల ఆటో వారానికి రెండుసార్లు వస్తుంది. కొన్నిసార్లు రాదు. వచ్చినప్పుడు ఇంటికొక క్యాను దించుకుంటారు. అది చుట్టాలు వస్తే ఇవ్వడానికి, జ్వరం తగిలితే తాగడానికి. రోజూ గొంతులో పోసుకునేది బోరు నీళ్ళే. జాయ్ విషయం డాక్టరు చెప్పినప్పటి నుంచీ రామక్క ఆ క్యాను ఆ పిల్ల ఒక్కదానికే దాచిపెడుతోంది.

"ఆ వారం క్యాన్లో అడుగున రవ్వంత ఉన్యాయి. జాయ్‌కి గూడా ఇయ్యలే. నీ సీసాకే పెట్టినా," అంది రామక్క, గొప్పగా.

కృపాకుమారి అరుగు మీద కూలబడింది. ఎవరిని తిట్టాలి? వాళ్ళమ్మ కూడా అంతే కదా! కంబదూరులో ఇంటికి పాస్టరు గారొస్తే కుండలో నీళ్ళు ముట్టనివ్వకుండా, పక్కింటికి పోయి మంచినీళ్ళు చెంబుతో తెచ్చేది. బయటివాళ్ళకు మన చెడ్డ నీళ్ళు ఇవ్వడం తలవంపులు. పుస్తకాలు మాత్రమే చదివిన అమ్మాయికి ఇది తెలియకపోతే అదొక తీరు. ఆ కుండ పక్కన పెరిగిన తనే మరిచిపోతే ఏం చెప్పుకోవాలి? ల్యాబు వాళ్ళ జీపే వచ్చి ఉంటే, మర్యాద తెలియని ఆ జీపే సరైన నీళ్ళు పట్టుకుపోయేది.

వేపచెట్టు కిందికి వెళ్ళి రాఘవేంద్ర సార్‌కి ఫోన్ చేసి జరిగింది చెప్పింది.

"నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుంది కృపా. ఏం చేద్దామో నువ్వే చెప్పు. ప్రాజెక్టు మార్చిలో ముగిసింది. ల్యాబులో మిషన్ చెడి మూలన పడింది. నీళ్ళు పరీక్ష చేసే దిక్కు లేదు."

"జిల్లా వాళ్ళకు తప్పు జరిగిందని రాద్దాం సార్."

"రాస్తాను. రాయనని కాదు. అప్పుడు వాళ్ళు మన పన్నెండు ఊళ్ళ లెక్కలూ అనుమానమే అంటారు. ప్లాంట్లు వస్తున్న ఊళ్ళకు కూడా ఆపేస్తారు. ఆ ఊళ్ళల్లో పిల్లలు లేరా?"

వచ్చే ఏడాది కొత్త ప్రాజెక్టు అడుగుదాం అన్నాడు, తనకే నమ్మకం లేని గొంతుతో.

వెనక్కి వచ్చేసరికి రామక్క అరుగు మీద నలుగురైదుగురు ఆడవాళ్ళు చేరారు. కృపాకుమారి దాచకుండా చెప్పేసింది. మీరిచ్చిన నీళ్ళు చూసి ఈ ఊరికి ప్లాంటు అవసరం లేదన్నారు, పేరు కొట్టేశారు అని.

రామక్క ముఖం నల్లబడింది. కాసేపు జాయ్ కాళ్ళకేసి చూసింది. తర్వాత చటుక్కున, అరుగు పట్టుకుని లేచింది.

"అంతేనా? బోరు నీళ్ళు కావల్లంటే ముందే చెప్పకూడదామ్మా! ఈడే ఉండు, యాడికీ పోవద్దు."

ఆపే లోపలే ఆడవాళ్ళు తలా ఒక దిక్కు వెళ్ళారు. ముప్పావుగంటలో అరుగు నిండిపోయింది. కూల్‌డ్రింకు సీసాలు, నూనె సీసాలు, బడిపిల్లల సీసాలు, జ్వరం మందు ఖాళీ సీసా ఒకటి. ఒక్కోదాని మీద ఇంటి పేరు బొగ్గుతోనో పెన్నుతోనో రాసిన కాగితం కట్టారు. ముప్పై ఎనిమిదీ వచ్చాయి. జాయ్ లెక్కపెట్టి, తమ సీసాను అన్నిటికంటే ముందు నిలబెట్టింది.

ఇవి పరీక్ష చేసే చోటు లేదని చెప్పాలని కృపాకుమారి రెండుసార్లు నోరు తెరిచింది. రెండుసార్లూ జాయ్ ఎదురుగా కనబడింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా చెప్పలేకపోయింది.

రెండు గోనెసంచుల్లో సర్ది, ఊరంతా కలిసి బస్సులోకి ఎక్కించారు. కండక్టరు సంచుల్ని చూసి సణిగాడు. బస్సు కదలబోతుంటే రామక్క కిటికీ చువ్వలు పట్టుకుంది.

"ఏమ్మా, ఈ తూరి తప్పేం చేయలేదు గదా మేము?"

"లేదు పెద్దమ్మా," అంది కృపాకుమారి. "ఈ తూరి సరిగ్గా ఉండాయి."