అలవాటున్న చెయ్యి

తడి దుప్పటి పిండుతుంటే కుడి మోచెయ్యి మళ్లీ కలుక్కుమంది. దుప్పటి బకెట్లోకి జారిపోయింది. గోడకి ఆనుకుని నిలబడ్డాను. మా ఆయన గుమ్మంలోంచి తొంగిచూసి, "పట్టీ పెట్టుకోలేదా?" అన్నారు. జాలిగానే అన్నారు.

మోచేతి కిందుగా బిగించుకునే నల్ల పట్టీ అది. పెట్టుకుంటే చేతికి రక్షణ ఉంది కాబట్టి పని చెయ్యొచ్చు. పెట్టుకోకపోతే నొప్పి తగ్గింది కాబట్టి పని చెయ్యొచ్చు. ఎలా చూసినా మా ఇంట్లో ఆ పట్టీ నాకు సెలవు ఇప్పించలేదు.

దుప్పటి అత్తయ్య మంచానిది. ఆవిడ పోయాక ఆ గది మూసే ఉంచాం. నిన్న భోజనాల దగ్గర మా ఆయన, "సోమవారం అక్కని ఆస్పత్రి నుంచి నేరుగా ఇక్కడికే తీసుకొస్తున్నా. తుంటి ఆపరేషన్ కదా, కొన్నాళ్లు లేపాలి, కూర్చోబెట్టాలి. నీకు అలవాటేగా!" అన్నారు. వదిన కూడా ఫోన్ చేసింది. "ఆ నర్సులు గోనెసంచిని లాగినట్టు లాగుతున్నారే. అమ్మని నువ్వెంత సుతారంగా లేపేదానివి! నీ చెయ్యి పడితే చాలు నాకు." వదిన మంచిది. మంచివాళ్లకి కాదని చెప్పడం మరీ కష్టం.

మోచేతి నొప్పి మొదలై రెండేళ్లు దాటింది. మొదట ఆయింట్‌మెంటు, తరవాత మాత్రలు, ఆపైన ఇంజక్షను. ఇంజక్షను చేయించుకున్న నెలంతా హాయిగా ఉంది. ఆ నెల్లోనే నా చెయ్యి బాగైపోయిందని అందరూ తీర్మానించేశారు. నొప్పి తిరిగొచ్చాక, "మళ్లీనా?" అన్నారు మా ఆయన, నేనేదో పిలిచి కూర్చోబెట్టినట్టు. బడిలో బోర్డు మీద నాలుగు వరుసలు రాసేసరికి సుద్దముక్క జారిపోయేది. "రాయలేని టీచరు ఈత రాని చేప లాంటిది కదమ్మా," అన్నారు హెడ్మాస్టరు గారు. స్టాఫ్‌రూమంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వడానికి మోచెయ్యి అక్కర్లేదు.

ఫిజియోథెరపీ అమ్మాయి మాత్రం ఓపిగ్గా చెప్పింది. "కండని ఎముకకి కట్టే తాడు లాంటిదండీ ఇది. పూర్తిగా తెగలేదు, కొద్దికొద్దిగా చిరుగుతోంది. మానేలోపే మళ్లీ చిరుగుతోంది." బల్ల మీద ముంజెయ్యి ఆన్చి, నీళ్ల సీసా పట్టుకుని, మణికట్టుని నెమ్మదిగా కిందికి దించాలి. పైకి ఎత్తడానికి ఎడమచెయ్యి సాయం. దించేది మాత్రం కుడిచెయ్యే. అలా నెలల తరబడి చేశాను. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికి వచ్చేది. ఆ అమ్మాయికి అంతుబట్టలేదు. "ఇంట్లో బరువులు ఎత్తుతున్నారా టీచర్?" అని అడిగింది.

"లేదండీ," అన్నాను.

అబద్ధమాడాలని కాదు. రోజూ పొద్దునా సాయంత్రం అత్తయ్య చంకల కింద చేతులు వేసి మంచం మీంచి కుర్చీలోకి, కుర్చీలోంచి మంచం మీదికి చేర్చేదాన్ని. అయినా ఆవిడని బరువు అని ఎలా అంటాను? ఆ మాట నా నోట రాలేదు. దాంతో ఆ అమ్మాయి నాకు సుద్దముక్కకి తగ్గ వైద్యమే చేస్తూ వచ్చింది.

అత్తయ్యకే తెలిసింది. ఎత్తుతున్నప్పుడు నా ఊపిరి తేడా ఆవిడకి చెవి పక్కనే వినపడేది. "వాణ్ణి పిలవ్వే," అనేది. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, "నాకు చేతకాదమ్మా, ఎక్కడ పట్టుకుంటే ఎక్కడ నొప్పెడుతుందో," అనేవారు. "పుట్టినప్పుడు నిన్నెక్కడ పట్టుకోవాలో నాకూ తెలీదురా," అనేది ఆవిడ. ఆయన నవ్వేసి వెళ్లిపోయేవారు.

ఒక మధ్యాహ్నం నేను బడిలో ఉండగా ఆవిడ తనంతట తనే లేవబోయి పడిపోయింది. ఆస్పత్రిలో నా వేళ్లు పట్టుకుని, "నువ్వొచ్చేసరికి కూర్చుని చూపిద్దామనుకున్నానే. ఒక్క పూటైనా నీకు తప్పుతుందని," అంది. ఆ తరవాత మళ్లీ ఇంటికి రాలేదు.

పలకరించడానికి వచ్చినవాళ్లతో మా ఆయన, "ఆ పూట తను ఇంట్లో ఉండుంటే అమ్మ పడేది కాదు," అన్నారు. ఆ పూట ఆయన పక్కగదిలోనే ఉన్నారు. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. ఆయనకీ గుర్తు చెయ్యలేదు. అమ్మ పోయిన మనిషి కదా అనుకున్నాను. నాకూ ఆవిడ పోయిందని ఎవరూ అనుకోలేదు.

క్రితం వారం ఫిజియోథెరపీ అమ్మాయికి అంతా చెప్పాను. ఆమె నా మోచెయ్యి మళ్లీ నొక్కి చూసింది. తరవాత, "ఇప్పుడు నిజంగా మానుతోంది. ఇంకోసారి మనుషుల్ని ఎత్తారంటే ఆ తాడు తెగుతుంది. తరవాత సుద్దముక్క కాదు కదా, దువ్వెన కూడా పట్టుకోలేరు," అంది.

దుప్పటిని బకెట్లోనే వదిలేసి, చేతులు తుడుచుకుని అత్తయ్య గది తలుపు తీశాను. "ఏమండీ, ఒకసారి ఇలా రండి."

ఆయన వచ్చారు.

"వదినని తీసుకురండి. బాగా చూసుకుందాం. కానీ లేపేది మీరు."

"నాకు చేతకాదని తెలుసు కదా!"

"తెలుసు. సోమవారానికి ఇంకా టైముంది."

"పట్టీ పెట్టుకుని నువ్వే మెల్లిగా..." అని, నా మొహం చూసి ఆగిపోయారు.

ఖాళీ పరుపు మీద వెల్లకిలా పడుకున్నాను. "నేను వదినని. నా తుంటి కదలకూడదు. కుర్చీలో కూర్చోబెట్టండి."

"ఏంటీ ఆటలు?"

ఎడమచేత్తో పక్కనున్న కుర్చీ చూపించాను. ఆయన చివరికి వంగి, నా రెండు చేతులూ పట్టుకుని లాగారు.

"చేతులు పట్టుకోకండి. చంకల కింద. మీ నడుం కాదు, మోకాళ్లు వంచండి."

రెండోసారి సగం లేపారు. మెడ నరాలు ఉబ్బాయి. ఊపిరి నా చెవిలో బుసలు కొడుతోంది. నన్ను మళ్లీ పరుపు మీదికి వదిలేసి, నిటారుగా నిలబడి చెమట తుడుచుకున్నారు.

"అమ్మ... ఇంత బరువుండేదా?"

రెండేళ్లూ నేను అనలేని మాటని ఆయన ఇట్టే అనేశారు. నాకు కోపం రాలేదు. కళ్లు మాత్రం మండాయి. పైకప్పు వైపు చూస్తూ, మూడో తరగతి పిల్లలకి ఎక్కం చెప్పించే గొంతుతో అన్నాను:

"మళ్లీ మొదట్నించీ."