సద్ది కాడ ఎవరో ఒకరు

"కోతులున్నయ్. సద్ది కాడ ఎవరో ఒకరు ఉండాలె గద" అన్నడు మా ఆయన, నా దిక్కు చూడకుండనే.

మా ఇంట్ల 'ఎవరో ఒకరు' అంటే నా రెండో పేరు. పాలు పొంగకుండ ఎవరో ఒకరు చూడాలె. దవాఖానల అత్తకు తోడు ఎవరో ఒకరు పండాలె. జొన్నచేన్ల మంచె ఎక్కి ఎవరో ఒకరు పిట్టలను తోలాలె. ఆ ఎవరో ఒకరికి మాలతి అని పేరున్న సంగతి పదమూడేండ్లల్ల అందరు మర్చేపోయిన్రు. సోమశిలకు పోయిననాడు అందరు పడవెక్కితే, ఒడ్డు మీద చెప్పులకు నేను కావలి. ఎవరన్న అడిగితే సోమశిలల చెప్పులెట్లుంటయో చెప్పగల్గుత గాని, కృష్ణ నడుమ నీళ్ళెట్లుంటయో నాకు తెల్వదు.

నల్లమల అడివిల సఫారీకి పోదామన్నప్పుడు మాత్రం నా పానం లేచొచ్చింది. మా అమ్మ ఆ అడివిల తునికాకు తెంపేది. ఎనిమిదేండ్ల పిల్లను, ఎంబడి పోయేదాన్ని. ఒకనాడు వాగొడ్డున తడి మట్టిల ఇంత పెద్ద అడుగు. అమ్మ నా అరచెయ్యి తీసి అందుల పెట్టింది. "ఆడపులి. నీళ్ళు తాగి ఇప్పుడే పోయింది" అన్నది, పక్కింటామె సంగతి చెప్పినట్టు. అమ్మ పోయినంక ఆ అడివి మొఖం మళ్ళ చూళ్ళే. అందుకే తెల్లారకముందే లేచి ముప్పై జొన్నరొట్టెలు కొట్టిన, పల్లిపచ్చడి నూరిన, గుడ్లు ఉడకబెట్టిన. చేతులు గుంజుతుంటే ఆ వాగునే యాది చేసుకున్న.

కోడేరు కాడ ఆటో ఎక్కినప్పటి సంది మా మామ బక్కయ్య పులి కథే. వయసుల ఉన్నప్పుడు పులి తోక వట్టి గుంజిండట. నేను కాపురానికొచ్చిన కొత్తల ఆ పులి లేగదూడంత ఉండె. ఏడాదికింత పెరిగి ఇప్పుడు దున్నపోతును దాటింది. ఈసారి తోక గూడ తెగి చేతిలకొచ్చింది.

"ఆ తోకతోనే మా ఇంట్ల రెండేండ్లు వాకిలి ఊడిసిన్రు" అన్నడు.

"ఎవరు ఊడిసిన్రు మామా?"

"ఎవరో ఒకరు" అన్నడు. మా అత్త జములమ్మ బయటికి చూసుకుంట కూసున్నది.

గేటు కాడ తిండి లోపటికి తేవద్దన్నరు. ఆటోకు తలుపులు లేవు, ఆటో జంగయ్య చాయ్ తాగనీకి పోయిండు. నలుగురు జీపెక్కిన్రు. సద్ది బుట్ట నా కాళ్ళ కాడ, కోతులను తోలనీకి ఒక కట్టె నా చేతిల.

"గంటల వస్తం. చెట్టు కింద మంచిగ నీడున్నది" అన్నడు మా ఆయన.

మా బిడ్డ మానస జీపుల నుంచి నన్నే చూస్తుంది. పదకొండేండ్లది. నేనేం చేస్తనో చూసి నేర్సుకునేటట్టున్నది ఆ చూపు.

"మామా, జర దిగుండ్రి" అన్న.

"ఏందమ్మా?"

"పులి తోక గుంజినోళ్ళు, మిమ్మల్ని చూస్తేనే కోతులు ఉరుకుతయ్. నన్ను చూస్తే మీదికొస్తయ్. ఇగ పులంటరా, మీరు చూడని పులేమున్నది? మేమే చూడలే."

జీపు డ్రైవరు మొఖం అటు తిప్పుకొని నవ్విండు. మామ చెయ్యి మీసం దిక్కు పోయి నడుమనే ఆగింది. పులిని చూడలే అంటే నలభై ఏండ్ల కథ పోతది, చూసిన అంటే సీటు పోతది.

"మాలతీ, పెద్దమనిషితోని ఏం మాటలవి!" అని మా ఆయన సగం లేచిండు.

"అయితే నువ్వు దిగు" అన్న. కూసున్నడు.

మామ దిగిండు. కట్టె ఆయన చేతికిచ్చి, ఆయన సీట్ల నేను కూసున్న.

పులి మీసం గూడ కనవడలే. దుప్పులు కనవడ్డయ్, ఒక నెమలి. కాని ఒక మలుపు తిరగంగనే తునికిచెట్లు, వాటెనుక ఒక వాగు. అమ్మ కొంగు వాసనే గాలిల. దిగొద్దన్నరు, దిగలే. అరచెయ్యి తెరిచి ఒళ్ళో పెట్టుకున్న, అంతే.

మేమొచ్చేసరికి మామ ఆటోల ఎనుక సీటు మీద ముడుసుకొని ఉన్నడు. గుడ్లు పోయినయ్. కట్టె గూడ పోయింది. రొట్టెల మూట మాత్రం ఒళ్ళో గట్టిగ వట్టుకున్నడు.

"నలభై వచ్చినయ్. ముప్పై తొమ్మిదింటిని తరిమిన" అన్నడు. మూట నా చేతికిచ్చి, "పులి కనవడ్డదా?" అని అడిగిండు.

మా ఆయన నోరు తెరవకముందే నేనందుకున్న. "కనవడ్డది మామా. ఆడపులి. దాని పక్కన మీ పులి పిల్లిపిల్ల. దుప్పిని కొట్టి, నడుమ కూసోని కడుపునిండ తిన్నది. మగపులి ఎదురుంగ కూసోని చూసింది. ముసలిపులి చూసింది. తినుడైనంక మూతి నాక్కొని అది జరిగింది, అప్పుడు తిన్నయ్ మిగిలినయ్. నువ్వెట్ల ముందు తింటవని ఒక్కటి గూడ గుర్రుమనలే."

మామ మనుమరాలి దిక్కు తిరిగిండు. "నిజమేనా బిడ్డా?"

"నేను గూడ చూసిన తాతా" అన్నది మానస, రెప్ప గూడ కొట్టకుండ.

చాప పరిసిన. ఒక్కటే కంచం తీసి, రెండు రొట్టెలు, ఇంత పచ్చడి ఏసుకొని తినుడు మొదలువెట్టిన. విరిగినయ్ గాదు, మాడినయ్ గాదు, నేను చేసిన వాటిల గుండ్రటివి ఏరుకున్న.

మా ఆయన నిలబడే ఉన్నడు. "మరి మాకెవరు పెడ్తరు?"

"ఎవరో ఒకరు" అన్నది మా అత్త, నా పక్కన కూసోని రొట్టె తుంచుకుంట.