తోట కుళాయిలో నురగ

నాకు కోపం ఎక్కువ. ఆ సంగతి మా మియాపూర్ అపార్ట్‌మెంటులో లిఫ్టుకి కూడా తెలుసు. ఏలూరు ఇరిగేషన్ ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాక, అమ్మాయి భానుశ్రీ దగ్గరికి వచ్చి ఇక్కడ తోట కమిటీలో చేరాను. నీళ్ళ గురించి నాకెవరూ చెప్పక్కర్లేదని నా గట్టి నమ్మకం. ఆ నమ్మకం ఒక మనిషి ఉద్యోగం ఊడగొట్టబోయింది.

ఆ మనిషి మా తోటమాలి ఎల్లయ్య. నారాయణఖేడ్ వైపు పల్లెటూరు. పదకొండేళ్ళుగా ఆయనా, భార్య భూలక్ష్మీ పంపు షెడ్డు పక్క గదిలోనే ఉంటున్నారు. ఉద్యోగం పోతే ఆ గది కూడా పోతుంది.

రెండేళ్ళుగా తోట చచ్చిపోతూ వచ్చింది. బంతి ఆకుల అంచులు మాడేవి. కరివేపాకు పసుపుబారి రాలేది. నీళ్ళు పోస్తే మట్టిలోకి ఇంకకుండా పైనే నిలిచేవి, ఎండితే పెచ్చులు లేచేవి. మేమంతా చదువుకున్నవాళ్ళం కదా, తలా ఒక వైద్యం చేశాం. ఒకరు యూరియా చల్లారు, ఒకరు డీఏపీ, ఇంకొకరు వీడియో చూసి ఎప్సమ్ సాల్ట్. నేను రంగురంగుల ప్యాకెట్లన్నీ తెప్పించి, మోతాదు చాల్లేదేమోనని రెట్టింపు వేయించాను. ఏం వేసినా మొక్క నెల తిరక్కుండా వాడిపోయేది. వాడిపోయినప్పుడల్లా ఎల్లయ్యని తిట్టాను. "చేతకాకపోతే చెప్పు, ఇంకొకళ్ళని పెట్టుకుంటాం" అని కూడా అన్నాను. ఆయన తల దించుకుని వినేవాడు.

మే నెలలో సెక్రటరీ కామేశ్వరరావు గారు ప్లాస్టిక్ గడ్డి ముక్కొకటి పట్టుకొచ్చి లాబీలో పరిచారు.

"చూడండి సుబ్బలక్ష్మి గారూ, ఎంత పచ్చగా ఉందో. నీళ్ళక్కర్లేదు, ఎరువక్కర్లేదు, మాలీ అక్కర్లేదండి. ఆదివారం మీటింగులో తీర్మానం చేసేద్దాం" అన్నారు.

మాలీ అక్కర్లేదన్న మాట నాకు గుచ్చుకుంది. నేను తిట్టొచ్చు గానీ, ఎల్లయ్యని ఎవరో వెళ్ళగొడతానంటే ఊరుకోలేకపోయాను. అంతకుముందే రాజేంద్రనగర్ వ్యవసాయ యూనివర్సిటీలో మట్టి పరీక్షకి ఇచ్చి ఉన్నాను. ఆ రిపోర్టు శనివారం పొద్దున వచ్చింది. భాస్వరం అవసరానికి మించి ఉందట. కొత్తగా ఏ ఎరువూ అక్కర్లేదట. కానీ మట్టిలో సోడియం విపరీతంగా పేరుకుని చౌడుబారిపోయిందట.

రిపోర్టు పట్టుకుని ఎల్లయ్య దగ్గరికి వెళ్ళాను. "సోడియం అంటే ఉప్పయ్యా. మన మట్టిలోకి ఉప్పెలా వచ్చింది?" అని అడిగాను.

"నేనెందుకేస్తనమ్మా ఉప్పు? కన్నబిడ్డల లెక్క సాదుకున్న చెట్లు" అన్నాడు.

మడి దగ్గర కూర్చుని ఆ మట్టిని చేత్తో నలిపి చూశాను. జిగురు జిగురుగా అంటుకుంది. లేచి తోట కుళాయి దగ్గర సబ్బుతో చేతులు కడుక్కున్నాను. ఇంత సబ్బుకి అంత నురగ వచ్చింది. ఎంత కడిగినా చేతులు జారుతూనే ఉన్నాయి. అచ్చం మా బాత్రూంలో లాగే.

అక్కడే ఆగిపోయాను. బోరు నీళ్ళకి నురగెలా వస్తుంది? మా బోరు నీళ్ళలో కందిపప్పే ఉడకదు.

అప్పుడు గుర్తొచ్చింది. గీజర్లు పాడవుతున్నాయనీ, జుట్టు రాలుతోందనీ రెండేళ్ళ కిందట నీళ్ళని మెత్తబరిచే ప్లాంటు పెట్టించాం. "గీజర్లకి మంచినీళ్ళూ, ప్రాణమున్న మొక్కలకి బోరు నీళ్ళూనా?" అని మీటింగులో నిలదీసి తోట కుళాయిని ఆ లైనుకి కలిపించింది నేనే. అందరూ చప్పట్లు కొట్టారు కూడా.

ఫోన్ చేసి భానుశ్రీని అడిగితే, "సింపుల్ అమ్మా. ఆ ప్లాంట్ నీళ్ళలోంచి కాల్షియం తీసేసి, బదులు సోడియం వదులుతుంది. అందుకే కదా దాంట్లో ఉప్పు వేసేది" అంది.

ఎల్లయ్య వైపు తిరిగాను. "ఆ ప్లాంటులో ఉప్పు వేస్తారా?"

"వారానికి రెండు సంచులు నేనే మోసుకపోయి పోస్తనమ్మా" అన్నాడు. మెల్లగా, "నల్లా మార్చిన నెలకే మీకు చెప్పిన. గీ నీళ్ళు చెట్లకు పడ్తలేవు, బోరు నల్లానే ఇడిపియ్యుండ్రి అని" అన్నాడు.

చెప్పాడు. నిజంగానే చెప్పాడు. "ఇరిగేషన్‌లో ముప్ఫై ఏళ్ళు చేశానయ్యా, నీళ్ళ గురించి నీకేం తెలుసు?" అన్నాను నేను. మనిషి మళ్ళీ నోరెత్తలేదు. రెండేళ్ళు నా తిట్లన్నీ పడ్డాడు గానీ ఆ మాట ఎవరి దగ్గరా అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ సాయంత్రమే లింగంపల్లి ఎరువుల కొట్టుకి వెళ్ళి, రిపోర్టులో చౌడుకి విరుగుడుగా రాసిన జిప్సం తెచ్చాను. రెండు గాజు గ్లాసుల్లో తోట కుళాయి నీళ్ళు పట్టి, రెంటిలోనూ మడిలోని మట్టిగడ్డ వేసి కలిపాను. ఒకదాంట్లో మాత్రం చెంచాడు జిప్సం వేశాను. తెల్లారేసరికి జిప్సం వేసిన గ్లాసులో మట్టి అడుక్కి దిగి నీళ్ళు తేటబడ్డాయి. రెండోది బురద బురదగానే ఉంది.

మీటింగులో ఆ రెండు గ్లాసులూ కామేశ్వరరావు గారి ముందు పెట్టాను.

"ఈ మట్టి జిప్సంతో బాగవుతుంది, చూడండి. దీన్ని పాడుచేసింది ఎల్లయ్య కాదు, ఆ ప్లాంటు ఉప్పునీళ్ళు పెట్టించిన నేను. ఆయన ముందే హెచ్చరించాడు, నేను నోరు మూయించాను. తీసెయ్యాలంటే నన్ను కమిటీలోంచి తీసెయ్యండి" అన్నాను.

కామేశ్వరరావు గారు బురద గ్లాసుని అటూ ఇటూ తిప్పి చూశారు. "బతుకమ్మ వరకు ఆగుదామండి. ఆ పెద్ద మడి బతుకమ్మకి పూలిస్తే సరే. ఇవ్వకపోతే గడ్డి పరిపించేస్తాం, ఎల్లయ్యా, నువ్వు ఇంకో చోటు చూసుకోవాలి" అన్నారు.

"ఇస్తది సార్" అన్నాడు ఎల్లయ్య.

మర్నాడే కుళాయిని బోరు లైనుకి మార్పించాం. యూరియా, డీఏపీ ఎవరూ ముట్టుకోకూడదని నోటీసు అంటించాను. రిపోర్టులో రాసిన లెక్క ప్రకారం జిప్సం చల్లించాం. జిప్సం విడదీసిన ఉప్పుని జూన్ వానలు కిందికి కడిగేశాయి. ఎల్లయ్య పచ్చిరొట్ట ఎరువుకని జీలుగ విత్తనం చల్లాడు. అది నడుమెత్తు పెరిగింది. పిచ్చిమొక్కలు పెంచుతున్నామని బాల్కనీల్లోంచి నవ్వారు. నలభై రోజులకి దాన్ని నరికి మట్టిలో కలిపేస్తుంటే, మతి పోయిందనుకున్నారు. దానిమీద మాగిన పశువుల ఎరువు, రాలిన ఆకులు వేశాం.

ఆగస్టులో ఒక పొద్దున ఎల్లయ్య నన్ను కేకేసి పిలిచాడు. గుప్పెడు మట్టి నా చేతిలో పెట్టాడు. నల్లగా, పొడిపొడిగా, వాన వాసనతో ఉంది. అందులో వానపామొకటి మెలికలు తిరుగుతోంది. "వచ్చిందమ్మా" అన్నాడు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి, దాచుకోలేదు.

అప్పటికే నాటిన బంతి నారు ఆగలేదిక. సద్దుల బతుకమ్మ నాటికి ఆ మడి ఈ చివర్నుంచి ఆ చివరిదాకా పసుపూ నారింజే. భూలక్ష్మి ఇరవై గంపలు కోసినా ఇంకా మిగిలాయి. ఆమె పేర్చిన బతుకమ్మ నా భుజాల దాకా వచ్చింది. ఆ రోజు ఆవిడ ముందు నడుస్తుంటే మా ఆడవాళ్ళంతా వెనక నడిచాం. బతుకమ్మ ఆటలో చప్పట్లు కొట్టడం రాని నేను కూడా చుట్టూ తిరిగాను. ప్లాస్టిక్ గడ్డి ముక్క ఇప్పుడు ఎల్లయ్య గుమ్మంలో కాళ్ళు తుడుచుకునే పట్టాగా ఉంది.

పూలు చూసి కామేశ్వరరావు గారు పొంగిపోయారు. "అద్భుతమండి. అయితే బోరు నీళ్ళకి ఆకుల మీద తెల్ల మరకలు పడుతున్నాయి, చూశారా? ఇప్పుడు మట్టి బాగుపడింది కాబట్టి, మళ్ళీ మంచినీళ్ళ లైనుకి కలిపేద్దామా?" అన్నారు.

నేను నోరు తెరవబోయి మూసుకున్నాను. అందరూ ఎల్లయ్య వైపు చూశారు.

"వద్దు సార్" అన్నాడు ఎల్లయ్య, తల ఎత్తి.

కామేశ్వరరావు గారు సరేనన్నారు. ఎందుకని ఎవరూ అడగలేదు.