తొమ్మిది చిల్లుల పలక

వడ్రంగికి పరీక్షలంటే చిన్నప్పటి నుంచీ గుండెదడ. అందుకే బడి ఎగ్గొట్టి బాడిస పట్టాడు. అలాంటివాడికి నడివయసులో పెళ్ళాం పరీక్ష నెత్తిన పడింది.

ఆవిడ దర్జీ. నరాల పైపొరను సొంత ఒళ్ళే కొరుక్కు తినే జబ్బు, మల్టిపుల్ స్క్లెరోసిస్, ఉందని తేలింది. ఆర్నెల్లకోసారి ఆసుపత్రిలో డాక్టరమ్మ ఆవిడ చేత తొమ్మిది చిల్లుల పలకలో పుల్లలు గుచ్చించి, ఎంతసేపు పట్టిందో చూసేది. అది కంప్యూటర్‌లో వేస్తే, జబ్బు ముదిరే కొద్దీ చేతుల పనితనం ఎలా ఉంటుందో చూపే గీత ఒకటి వచ్చేది. గీత దిగితే చేతులు పోతాయని వడ్రంగికి అర్థమైంది. గీత దిగకుండా చూసుకుంటే చాలని కూడా అర్థమైంది. అక్కడే కొంప మునిగింది.

టేకు ముక్కతో అచ్చం అలాంటి పలకే చేశాడు. పుల్లలు నున్నగా చిత్రిక పట్టాడు. రోజూ పని నుంచి రాగానే పెళ్ళాన్ని దాని ముందు కూర్చోబెట్టేవాడు.

"మా హెడ్మాస్టరు కూడా ఇంత రాచి రంపాన పెట్టలేదండీ," అని నవ్వేది ఆవిడ.

"ఫస్టుక్లాసు రావాలి మరి. కానియ్."

వచ్చింది. ప్రతిసారీ గీత తిన్నగానే ఉంది. "జబ్బు నెమ్మదిగా ఉంది, పాత మందే చాలు," అనేది డాక్టరమ్మ. వడ్రంగి మీసం దువ్వుకుంటూ బయటికొచ్చేవాడు. ఇంట్లో మాత్రం కాజాలు వంకర పోతున్నాయి. సూదిలో దారం అతనే ఎక్కించి పెట్టాల్సి వచ్చేది. కళ్ళజోడు మార్చాలేమో అనుకున్నారిద్దరూ. గీత బాగుంది కదా!

ఈసారి స్కానింగులో మెదడులో, వెన్నులో కొత్త మచ్చలు కనిపించాయి. డాక్టరమ్మ మళ్ళీ పలక ఇచ్చింది. ఆవిడ చకచకా గుచ్చేసింది. డాక్టరమ్మ కాసేపు ఆ వేళ్ళ వంకే చూసి, తన తెల్లకోటు విప్పి ముందు పెట్టింది.

"దీనికి బొత్తాలు పెట్టమ్మా."

వేళ్ళు బొత్తాం చుట్టూ తడుముకున్నాయి. ఒక్కటీ పడలేదు. వీధి వీధంతటికీ బట్టలు కుట్టిన చేతులవి.

"ఇంట్లో ఈ పలక సాధన చేయిస్తున్నారా?"

"మంచి మార్కులు రావాలని..." అన్నాడు వడ్రంగి.

"మార్కులు కాదయ్యా అవి! వేళ్ళు ఈ ఒక్క పనికే అలవాటుపడి జబ్బును దాచేశాయి. దిగజారుతోందని తెలిస్తే గట్టి మందు అప్పుడే మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు పెడతాను. కానీ పోయింది తిరిగి రాదు."

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టైంది. కాలినవి అతని చేతులు కావు. కాల్చింది మాత్రం అతనే.

ఇంటికి రాగానే గొడ్డలి తీసి పలకను చీల్చబోయాడు. ఏడుపు ఆగలేదు. ఆవిడ అడ్డుపడి లాక్కుంది.

"ఉండనివ్వండి. ఈ చేతులకి మిగిలిన పని ఇదొక్కటే."

కుట్టుమిషను మీద పలక పెట్టుకుని పుల్లలు గుచ్చడం మొదలుపెట్టింది. ఎంత వేగమో! అతను చూడలేక గోడవైపు తిరిగాడు.