సౌదీ నంబరు

వాకిట్లో మక్కజొన్న గింజలు ఆరబోస్తుంటే రజాక్ అన్న వచ్చాడు. సౌదీలోని దమ్మాంలో అతనూ మా ఆయన శ్యాంసుందరూ ఒకే గదిలో ఉన్నారు. నిరుడు ఇద్దరూ ఖానాపూర్‌కు తిరిగొచ్చారు. రజాక్ అన్నను పోలీసులు రోజూ పిలిపిస్తున్నారని, ఏదో బాంబుల కేసని బజార్లో అంటున్నారు. నేనూ నమ్మాను. అందుకే కూర్చోమనలేదు. చాట పట్టుకుని అతని చేతిసంచి వైపే చూస్తూ నిలబడ్డాను.

సంగతి అతనే చెప్పాడు. సౌదీలో పట్టుబడిన ఒకడి దగ్గర ఒక సిమ్ము దొరికిందట. అది రజాక్ అన్న గుర్తింపు కార్డు మీద తీసుకున్నది. అక్కడి పోలీసులు ఢిల్లీకి రాశారు. ఢిల్లీ నుంచి హైదరాబాదుకు, హైదరాబాదు నుంచి మా ఊరి స్టేషన్‌కు అతని పేరు వచ్చింది.

"గా సిమ్ము నేను వాడలే, శ్యాం. నువ్వు కంపెనీ ఇడిసిపెట్టి, కాయిదాలు లేక ఖల్లివెల్లి అయి నా రూముకొచ్చినప్పుడు నీకే ఇప్పించిన. జర వచ్చి గదొక్కటి చెప్పు. లేకుంటే రేపు నన్ను హైదరాబాద్ తీస్కపోతరట."

మా ఆయన కాలితో మక్కలు పలచగా నెరుపుతూనే ఉన్నాడు. తనకేమీ యాది లేదన్నాడు. గది ఖాళీ చేసేవాడు మంచం, గిన్నెలతో పాటు సిమ్ము కూడా కొత్తగా దిగినవాడికి ఇచ్చి రావడం అక్కడ మామూలేనట. ఎవరికిచ్చావో చెప్పమని రజాక్ అన్న బతిమాలాడు. దానికీ యాది లేదనే జవాబు.

ఆయన కంపెనీ విడిచిన సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. కూరలో ఉప్పు తగ్గితే వీధికి వినబడేలా అరిచే మనిషి, ఇంత మెల్లగా ఎందుకు మాట్లాడుతున్నాడు?

నంబరు చెప్పమని రజాక్ అన్నను అడిగాను. అతను సగం చెప్పేసరికే మిగతా సగం నా నోట్లో ఉంది.

"నువ్వు లోపలికి పో," అన్నాడు మా ఆయన.

ఆయన భయం అర్థమైంది. ఒకసారి స్టేషన్ మెట్లెక్కితే రేపటి నుంచి బజారు మా ఇంటి గురించే మాట్లాడుకుంటుంది. అయినా చాట కింద పెట్టాను.

"అన్నా, గా నంబరుకు రెండేండ్లు ఫోన్ చేసింది నేనే. నా ఫోన్ల ఇంకా ఉన్నది."

మక్కల మీద ఆయన కాలు ఆగింది.

"అంగీ తొడుక్కో," అన్నాను ఆయనతో. "నేను గూడ వస్త."

స్టేషన్ దాకా వాళ్లిద్దరి వెనకే నడిచాను. చూపు రజాక్ అన్న సంచి మీద లేదు. మా ఆయన ఏ సందులోకీ తిరగకుండా చూస్తూ నడిచాను.