మైకులో చెప్పిన ప్రేమ

సాలవ్వ నోరు మంచిది కాదు. ఎల్లారెడ్డిలో వాళ్ల గల్లీలో ఎవర్నడిగినా ముందు ఈ మాట చెప్పి, ఆ తర్వాతే ఆమె ఇల్లు చూపిస్తారు. తల్లి పోయిన తమ్ముడు భీమేష్‌ను బీడీలు చుట్టి సాకింది. తన పెళ్లి మాట ఎవరెత్తినా కసిరికొట్టింది. ఆ తమ్ముడు మరియను చేసుకుని, ఆమె వెంట ప్రార్థనకు పోవడం మొదలుపెట్టినప్పటి నుంచి సాలవ్వకు మరదలి మొహం చూస్తే ఒళ్లు మండేది. భీమేష్ పని కోసం మస్కట్ పోయాడు. ఇంట్లో వీళ్లిద్దరే మిగిలారు.

పైగా సాలవ్వ కిడ్నీలు చెడిపోయాయి. వారానికి రెండుసార్లు కామారెడ్డి పోయి డయాలసిస్ చేయించుకోవాలి. తీసుకుపోయేది ఎవరు? మరియే. పొద్దున్నే లేచి, ఉప్పు తగ్గించి వండి, డబ్బా కట్టి, ఆమెను బస్సులో కిటికీ పక్కన కూర్చోబెట్టేది. లింగంపేట దాకా తిట్లు, తాడ్వాయి దాకా శాపనార్థాలు. ఒకసారి బస్సంతా వినేలా అడిగింది సాలవ్వ.

"నేనెప్పుడు సస్తనా అని చూస్తున్నవ్ గదా?"

"లేదు వదినె."

"మరెందుకు తిప్పుతున్నవే నన్ను?"

మరియ దగ్గరున్నది ఒక్కటే జవాబు: శత్రువులను ప్రేమించమని ప్రభువు చెప్పాడు. అది మొహం మీద చెబితే, నువ్వు నాకు శత్రువువి అన్నట్టే కదా. ఆ మాత్రం తెలివి ఆమెకుంది. ఆ తెలివి ఆదివారం నాడు ఎటు పోయిందో మరి.

ఆదివారం ఆరాధన చివర్లో పాస్టర్ పురుషోత్తం మైకు చేతికిచ్చి ప్రార్థన విన్నపాలు చెప్పమంటాడు. ఒకరు కొడుకు ఉద్యోగం అంటారు, ఒకరు మోకాళ్ల నొప్పులు అంటారు. ఆ వారం మరియ లేచింది. ముందురోజు సాలవ్వ విసిరిన పళ్లెం నుదుటికి తగిలి కట్టిన బొప్పి ఇంకా తగ్గలేదు. మైకు పట్టుకోగానే ఏడుపు తన్నుకొచ్చింది.

"మా వదినె కోసం ప్రార్థన చేయుండ్రి. దినాం తిడ్తది. మీదికొస్తది. ఆమె గుండె రాయి అయ్యింది. అయినా నేను ప్రేమిస్తున్న. ప్రభువు కోసమే భరిస్తున్న. ఆమె మారాలె."

మందిరమంతా స్తోత్రం అంది. ఆడవాళ్లు కొంగులతో కళ్లొత్తుకున్నారు. ఎన్నాళ్లకో మరియ గుండె తేలికపడింది. ఉన్నమాట చెప్పాలంటే, కొంచెం గొప్పగా కూడా అనిపించింది.

మందిరం రేకుల మీద కట్టిన మైకు గల్లీలో ప్రతి ఇంటికీ వినిపిస్తుంది. వాక్యం అందరికీ చేరాలనే దాన్ని అక్కడ కట్టారు. మరియ మాట కూడా అందరికీ చేరింది.

ఆమె ఇంటికొచ్చేసరికి సాలవ్వ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఒక్క తిట్టు తిట్టలేదు. అన్నం తినలేదు. మర్నాడు బస్సు వేళకు మరియ లేపబోతే కదల్లేదు.

"నేను రాను."

"రాకపోతే ఎట్ల వదినె? పానం పోతది."

"పోనీ. నువ్వు ప్రేమ జేసుకునేటందుకు ఇంకో మనిషిని ఎతుక్కో. నీ మొగున్ని సాకినప్పుడు నేను గిట్ల మైకుల చెప్పుకోలే."

మరియ కాళ్లు పట్టుకుంది, ఏడ్చింది. పాస్టర్ వచ్చి గడప దగ్గర నిలబడి బతిమాలాడు. మస్కట్ నుంచి భీమేష్ ఫోన్ చేస్తే సాలవ్వ చెవి దగ్గర పెట్టనివ్వలేదు. రోజులు గడుస్తుంటే కాళ్లు ఉబ్బాయి, మొహం ఉబ్బింది, పడుకుంటే ఊపిరాడక కూర్చునే కునుకు తీసేది. మరియ ఉపవాసం ఉండి, సాలవ్వ మనసు మార్చమని దేవుణ్ని అడిగింది. ఆ మనసు విరిచింది తనేనని తెలిసి అడగడం ఎంత కష్టమో అడిగినవాళ్లకే తెలుసు.

ఒక పొద్దున సాలవ్వ పాదాలు తుడుస్తుంటే, వేలు తగిలినచోటల్లా గుంట పడి అట్లాగే ఉండిపోయింది. అది చూసి మరియకు ఎక్కడలేని కోపం వచ్చింది. తడిగుడ్డ నేలకేసి కొట్టింది.

"నాకు నువ్వంటే ప్రేమ లేదు! ఇన్నవా? నువ్వంటే కడుపుల మంట. బస్సుల నీ పక్కన కూసొని, ఈమె సస్తే పీడ పోతదని ఎన్నిసార్లు అనుకున్ననో. అయినా నువ్వు సావద్దు. లే! లేస్తవా లేదా?"

సాలవ్వ మెల్లగా ఇటు తిరిగింది. ఉబ్బిన కళ్లు విప్పి మరియను చూసింది.

"గిది నిజం," అంది. "గిదేదో ఇంట్లనే నా మొహం మీద అనేది ఉండె గదనే." చెయ్యి చాపింది. "లేపు. చీర మార్చు."

బస్సెక్కే ఓపిక ఆమెకు లేదు. మరియ ఆటో మాట్లాడింది. దారంతా సాలవ్వ తల మరియ భుజం మీదే ఉంది. ఇన్నేళ్లలో ఆ తల అక్కడ ఆనడం అదే మొదలు. కామారెడ్డిలో డాక్టర్ ఆమె మొహం చూసి, ఇన్ని రోజులు ఎందుకు ఆపారని అడిగాడు. మిషన్ పెట్టిన కాసేపటికే బీపీ పడిపోయింది. మిషన్ ఆపేశారు. గుండె తట్టుకోవడం లేదన్నారు. ముక్కుకూ నోటికీ కలిపి మాస్కు పెట్టారు.

చర్చి ఆడవాళ్లు ఫోన్ చేశారు. "ఇంత ప్రేమ ఎవరు చూపిస్తరు మరియా, దేవుడు చూస్తున్నడు," అన్నారు. ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ మాట వింటే చచ్చిపోవాలనిపించింది.

ప్రార్థన చేద్దామని మోకరించింది. ఏ మాటా రాలేదు. లేచి మంచం మీదికి వంగింది.

"వదినె, తిట్టు. నన్ను ఒక్కసారి తిట్టవా?"

మాస్కు కింద పెదాలు కదిలినట్టనిపించింది. మరియ చెవి ఆనించి విన్నది. గొట్టంలోంచి గాలి వస్తున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. నర్సు వచ్చి ఆ గాలి కూడా ఆపేసి, భుజం పట్టుకుని లేపేదాకా ఆమె అట్లాగే వంగి వింటూ ఉంది.