మూడు ఈనెల ఆకు

మంసాపురం నర్సరీలో బిర్యానీ ఆకు మొక్క అని ఇస్తే తెచ్చి, జక్కమ్మ దాన్ని తొట్టిలో మూడేళ్లు పెంచింది. ఈసారి చిగుళ్లు ఎర్రగా రావడం చూసి కోడలు గోమతికి భయం పట్టుకుంది.

“ఇది గన్నేరత్తా, విషం. వచ్చే ఆదివారం పీకి పారేస్తా.”

“గన్నేరాకుకు నడుమ ఒకటే పెద్ద ఈనె. దీనికి తొడిమ నుంచి కొనదాకా మూడు పారినాయి, కండ్లు తెరిచి చూడు. చిగురు ఎర్రగానే పుట్టి పచ్చబడుతుంది.”

“సరి, మరి వాసన ఏది? చిగురు నలిపి చూసినాను.”

“పసిబిడ్డను పట్టుకొని మీసం ఏదంటే ఎట్లా?”

జక్కమ్మ అడుగు కొమ్మ నుంచి ముదురాకులు కోసి, ఒకటి నలిపి కోడలి ముక్కు దగ్గర పెట్టింది. దాల్చినచెక్క వాసన గుప్పుమంది. మిగిలిన ఆకులను జక్కమ్మ వారం రోజులు చేటలో నీడకు ఆరబెట్టి, ఆ ఆదివారం బిర్యానీలో వేసింది.

మూత తీయగానే ఘుమఘుమ వీధి దాకా పోయింది. గోమతి రెండోసారి వడ్డించుకుంది.

“అత్తా, తళవాయిపురంలో మా అమ్మకు నాలుగాకులు ఇస్తావా?”

“ఆ విషం ఆమెకెందుకే?” అంటూనే జక్కమ్మ చేట చంకన పెట్టుకుని, నవ్వు ఆపుకోకుండానే తొట్టి దగ్గరికి నడిచింది.